మీకు తెలుసా? యోహానుకు సొంత ఏడాది లేదు!

ఆదివారం పూజలో ఏ సువిశేషం చదవాలో గురువు ఇష్టం కాదు. 1969లో వచ్చిన పఠనాల క్రమం ప్రకారం మూడేళ్ల చక్రం నడుస్తుంది: ఏ సంవత్సరం మత్తయిది, బి మార్కుది, సి లూకాది. ఏడాది అంకెను 3 నిశ్శేషంగా భాగిస్తే అది సి. ఆ ఏడు మొదలయ్యేది మాత్రం అంతకుముందు వచ్చే ఆగమనకాలం మొదటి ఆదివారమే.

మరి యోహాను? పాస్కా కాలం దాదాపు ఆయనదే. పైగా మార్కు సువిశేషం మరీ చిన్నది, 16 అధ్యాయాలే. అందుకే బి సంవత్సరంలో సామాన్య కాలపు 17వ ఆదివారం నుంచి అయిదు వారాలు యోహాను 6వ అధ్యాయాన్నే చదువుతారు. అయిదు వారాలూ రొట్టె మీదే ప్రసంగం అంటే గురువులకు పరీక్షే! అన్నట్టు, ఆ అధ్యాయంలో యేసు జనానికి పంచిన అయిదు రొట్టెలూ యవల రొట్టెలని చెప్పింది సువిశేషాలు రాసిన నలుగురిలో యోహాను ఒక్కరే.