ముసలి కుక్కను ఇంట్లో చూసుకోవడం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు చలికాలం గట్టిగానే ఉంటుంది. ముసలి కుక్కకు పొద్దున్నే కీళ్లు పట్టేస్తాయి. "దీని పని అయిపోయింది" అని వదిలేయకండి. పదేళ్లు ఇల్లు కాచినదానికి పాత గోనెసంచి ఒకటి వేస్తే ఏం పోతుంది? బొత్తిగా లేవలేకుంటే మూడు నాలుగు గంటలకొకసారి పక్క మార్చండి. లేకుంటే పుండ్లు పడతాయి. రాగిసంగటి పల్చగా పిసికి, చల్లార్చి పెట్టండి. ఎర్రగడ్డలు వేసిన పులుసు వద్దు, అది కుక్క రక్తాన్ని చెరుపుతుంది. మనం మింగే జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు అసలే వద్దు. వాటితో కుక్క చచ్చిపోవచ్చు.

నీళ్లు మింగలేక చొంగ కారుస్తుంటే మాత్రం, ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చెయ్యి పెట్టకండి. పిచ్చికుక్క రోగం కావచ్చు. దూరంగా ఉండి పశువుల డాక్టరుకు చెప్పండి. చొంగ మీ గాయానికి తగిలితే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ పొద్దే సూదిమందుకు ఆసుపత్రికి పోండి.