గాలిపంపు కూడా సంఘం సరంజామాయే

కూలిరేట్ల గురించి, బంజరు భూముల గురించి, ఇళ్ళస్థలాల గురించి రాయవలసిన శీర్షికలో సైకిలు పంపు గురించి రాయటమేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. మేమూ ఒకప్పుడు నవ్వినవాళ్ళమే. కానీ ఒక్క తుమ్మముల్లు ఒక పేట మొత్తం ఆడకూలీల సీజను కూలికి ఎసరు పెట్టటం కళ్ళారా చూశాక మాకు నవ్వు రాలేదు. ఆ సంగతీ, దాన్నుంచి మేం నేర్చుకున్న నాలుగు ముక్కలూ తోటి కూలీలతో, కార్యకర్తలతో పంచుకోవాలని ఇది రాస్తున్నాం.

ముల్లు గుచ్చుకున్న రాత్రి

అది 2006 ఖరీఫ్. కృష్ణా డెల్టాలో మేం పనిచేసే ప్రాంతంలో కాలవలకు నీళ్ళొదిలారు. నారుమళ్ళు ఎదిగాయి. రెండు మూడు రోజుల్లో ఊడ్పులు పడతాయి. ఊడ్పులకు ముందు వారమే కూలిరేటు తేలే వారం. అది దాటిందంటే మళ్ళీ ఏడాది దాకా మాట్లాడేదేమీ ఉండదు.

ఒక పేటలో ఆడకూలీలు కిందటేడు కంటే రోజుకు పది రూపాయలు పెంచాలని అనుకున్నారు. రాత్రి ఏడున్నరకు పేట మధ్య వేపచెట్టు కింద మీటింగు పెట్టుకున్నారు. మేం వెళ్ళి మాట్లాడాలి. అందరూ ఒక్క మాట మీద నిలబడి తెల్లవారి మేస్త్రీలకు చెప్పాలి. ఇదీ అనుకున్న కార్యక్రమం.

మేం ఇద్దరం ఒక్క సైకిలు మీద బయలుదేరాం. దారి ఎనిమిది కిలోమీటర్లు. అందులో సగం కాలవగట్టు, గట్టు పొడుగునా తుమ్మచెట్లు. సగం దూరం పోయామో లేదో వెనక చక్రం మెత్తబడింది. దిగి చూస్తే రిమ్ము నేలకు తగులుతోంది. చేతిలో టార్చిలైటు ఉంది, సంచిలో కరపత్రాలున్నాయి, రసీదు పుస్తకం ఉంది. పంపు లేదు, ప్యాచీ సామాను లేదు. సెంటర్లో ఉన్న ఒక్క సైకిలు షాపూ పొద్దుగూకగానే కట్టేస్తారు. అప్పటికి మా పేటల్లో సెల్‌ఫోన్లు దాదాపు లేవు. ఇక చేసేదేముంది? తోసుకుంటూ నడిచాం. బురదలో సైకిలు తోసుకుంటూ నడవటమంటే ఒట్టికాళ్ళతో నడిచినదానికి రెట్టింపు సమయం. పేట చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది.

వేపచెట్టు కింద ఎవరూ లేరు. ఒక పెద్దావిడ మాత్రం అరుగు మీద కూర్చుని ఉంది. "ఎనిమిదిన్నర దాకా చూశాం నాయనా. సంఘపోళ్ళు రారు, వాళ్ళకి మీరు గుర్తొచ్చినప్పుడు కదా అని మేస్త్రీ ఎకసెక్కం ఆడాడు. బయానా డబ్బులు జేబులో పెట్టుకునే వచ్చాడు. ఇప్పుడు ఒప్పుకున్నోళ్ళకి ఇప్పుడే చేతిలో పెడతానన్నాడు. పిల్లలకు జొరాలుగా ఉన్నోళ్ళు నలుగురైదుగురు చెయ్యి చాపారు. వాళ్ళు చాపాక మిగిలినోళ్ళు ఏం చేస్తారు?" అంది. ఎంతకు ఒప్పుకున్నారని అడిగాం. "మూడు రూపాయలు పెంచాడు" అంది. మేం పంక్చరు సంగతి చెప్పాం. ఆవిడ సైకిలు వంక ఒకసారి చూసి, "మీ చక్రంలో గాలి పోయింది, మా కూలి పోయింది" అని లేచి లోపలికి పోయింది.

ఆ రాత్రి మేం వేసిన లెక్క ఇప్పటికీ గుర్తుంది. ఆ పేటలో ఊడ్పులకు పోయే ఆడవాళ్ళు యాభైమంది. ఇరవై రోజుల పని. రోజుకు పోయింది ఏడు రూపాయలు. మొత్తం ఏడు వేల రూపాయలు మోతుబరి రైతుల జేబుల్లోనే ఉండిపోయాయి. ఒక పంపు, ఒక సొల్యూషను ట్యూబు, కాసిని రబ్బరు ముక్కలు కొనటానికి అందులో ఎన్నో వంతు కావాలి?

తరవాత కమిటీలో దీని మీద ఆత్మవిమర్శ జరిగింది. దురదృష్టం అన్నారు కొందరు. ముల్లు ఉన్న దారిన ముల్లు గుచ్చుకోవటం దురదృష్టమెలా అవుతుంది? ఆ గట్టు మీద తుమ్మచెట్లున్నాయని మాకు తెలియదా? ఇంకో తప్పు కూడా ఒప్పుకున్నాం. మేం రాకపోతే మీటింగే జరగకపోవటం. ఇద్దరు మనుషులు, ఒక సైకిలు మీద ఆధారపడి యాభైమంది కూలి వేలాడుతోందంటే అది సంఘం నిర్మాణంలో ఉన్న లోపం. ఆ ఏడాది నుంచే ప్రతి పేటలో మీటింగు నడిపే మనిషి ఆ పేటలోనే ఉండాలని తీర్మానించుకున్నాం. పంపు కొనాలన్నది ఆ తీర్మానం కిందే రాసుకున్నాం.

కూలికీ సైకిలుకీ ఉన్న లంకె

సైకిలు మన ఉద్యమానికి కొత్త కాదు. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటు సభ్యుడిగా ఉండి కూడా పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారన్నది అందరికీ తెలిసిందే. అందరూ ఆ మాట గొప్పగా చెప్పుకుంటారు. కానీ సైకిలు తొక్కేవాడికి గాలీ, వాల్వూ, చెయినూ కూడా రోజూ చూసుకోవాల్సిన పనులేనన్న సంగతి ఎవరూ చెప్పుకోరు.

అసలు కార్యకర్త సంగతి పక్కన పెట్టండి. పొరుగూరు పనికి పోయే కూలి మాట చూడండి. పొద్దున్నే ఆరింటికల్లా చేలో ఉండాలి. అయిదింటికి లేచి చూస్తే చక్రంలో గాలి లేదు. షాపు తీసేసరికి ఎనిమిది. అప్పటికి ముఠా చేలో దిగిపోతుంది. ఆలస్యంగా పోతే "రేపు రా" అంటాడు మేస్త్రీ. ఆ రోజు కూలి పోయినట్టే. పైగా పంక్చరు ఖర్చొకటి. ముల్లు ఖరీదు పైసా లేదు గానీ, అది తినేసేది ఒక పూర్తి రోజు కష్టం. అందుకని పంపు ఉంచాల్సింది సంఘం ఆఫీసులో కాదు, పేటలో. ఆఫీసు తాళం తీసేదెప్పుడు, పొద్దున్న అయిదింటికా?

కొనటం వేరు, సిద్ధంగా ఉంచటం వేరు

తీర్మానం ప్రకారం చందా వేసుకుని ఒక నిలువు పంపు, ప్యాచీ సామాను కొన్నాం. పాత బిస్కెట్ల డబ్బాలో సామాను పెట్టి ఒక ఇంట్లో ఉంచాం. పని అయిపోయిందనుకున్నాం. ఆర్నెల్ల తరవాత కోతల రోజుల్లో ఒక తెల్లవారుజామున ఒకతనికి పంక్చరు పడింది. ధీమాగా డబ్బా తెరిచాడు. సొల్యూషను ట్యూబు ఒకసారి వాడి మూత సరిగా బిగించకపోవటంతో లోపలంతా ఎండి గట్టిపడింది. పంపు కొడితే ఉస్సుమంటోంది తప్ప గాలి ఎక్కటం లేదు. సామానంతా ఎదురుగానే ఉంది, ఆ రోజు పని మాత్రం పోయింది.

అప్పుడు మా సెంటర్లో నలభై ఏళ్ళుగా సైకిళ్ళు బాగుచేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి పోయాం. మీ బేరం పోగొట్టే విద్య నేర్పమని అడుగుతున్నాం, ఏమనుకోవద్దన్నాం. ఆయన నవ్వి, "పొద్దున్న అయిదింటి బేరం నాకెప్పుడూ లేదులే. నేర్చుకోండి" అని సాయంత్రం పూట మూడు రోజులు నేర్పాడు. ఆయన చెప్పినవే ఇక్కడ రాస్తున్నాం.

పంపు లోపల తోలు వాషరు ఉంటుంది. అది ఎండితే ముడుచుకుపోతుంది, పక్కలనుంచి గాలి తప్పించుకుంటుంది. పంపు పాడైందని పారేయనక్కర్లేదు. విప్పి వాషరుకు నాలుగు చుక్కలు నూనె పట్టించి, వేలితో అంచులు విప్పార్చి మళ్ళీ బిగిస్తే చాలు. సొల్యూషను ట్యూబు వాడగానే మూత గట్టిగా బిగించాలి, ఎండ తగలనిచోట పెట్టాలి. నెలకొకసారి నొక్కి చూడాలి. గట్టిగా తగిలితే కొత్తది కొనాలి.

డబ్బాలో ఉండవలసినవి ఇవి: సొల్యూషను ట్యూబు, పాత ట్యూబులోంచి కత్తిరించిన రబ్బరు ముక్కలు, ఉప్పుకాగితం, చిన్న కత్తెర, టైరు విప్పే రెండు ఇనుప పట్టీలు, ఒక స్పానరు, వాల్వుకు తొడిగే సన్నని రబ్బరు గొట్టం ఒక మూరెడు. ఈ ఆఖరిదాన్ని చాలామంది మరచిపోతారు.

ప్యాచీ వేసే పద్ధతి

గాలి పోగానే టైరు విప్పకండి. ముందు వాల్వు చూడండి. గాలి కొట్టి, వాల్వు మూతి మీద కాస్త ఉమ్మి తడి పెడితే బుడగ వస్తోందా? వస్తే అది పంక్చరు కాదు. వాల్వు పిన్ను మీది రబ్బరు గొట్టం చీకిపోయింది. దాన్ని మార్చితే రెండు నిమిషాల పని. పంక్చరు పడిందని సైకిలు తోసుకుపోయినవాళ్ళలో ఎందరో ఈ సంగతి తెలియక నడిచినవాళ్ళే.

వాల్వు బాగుంటే అప్పుడు టైరు ఒక పక్క విప్పి ట్యూబు బయటికి తియ్యాలి. కొంచెం గాలి కొట్టి, తొట్టిలోగాని కాలవలోగాని ముంచి వరసగా తిప్పుతూ పోతే చిల్లి దగ్గర బుడగలు లేస్తాయి. అక్కడ గుర్తు పెట్టాలి. అది దొరకగానే సంబరపడి ఆగకండి, ఇంకొకటి కూడా ఉండవచ్చు. చుట్టంతా చూడాలి.

తరవాత టైరు లోపల చుట్టూ వేళ్ళతో మెల్లగా తడమాలి. ముల్లు ఇంకా అక్కడే ఉంటుంది. దాన్ని తియ్యకుండా ప్యాచీ వేసి ఎక్కించారా, పది గజాల్లో మళ్ళీ చిల్లి పడుతుంది. ఈ మాట మూడుసార్లు చెప్పాడు ఆ పెద్దాయన.

ట్యూబును తుడిచి ఆరబెట్టి, చిల్లి చుట్టూ ప్యాచీ కంటే కాస్త ఎక్కువ మేర ఉప్పుకాగితంతో గరుకు చెయ్యాలి. రబ్బరు ముక్కనూ గరుకు చెయ్యాలి. రెంటికీ సొల్యూషను పలచగా రాసి ఆగాలి. తొందరపడేది ఇక్కడే. తడిగా ఉన్నప్పుడు అతికిస్తే నిలవదు. వేలు పెడితే అంటీ అంటనట్టు ఆరాక అతికించి, అంచులదాకా గట్టిగా నొక్కాలి. ట్యూబు మెలిక పడకుండా కాస్త గాలి పట్టించి లోపలికి సర్ది, టైరును చేతులతోనే ఎక్కించాలి. ఇనుప పట్టీతో ఎక్కిస్తే ట్యూబు నలిగి కొత్త చిల్లి పడుతుంది.

ఒకమాట బరువు గురించి. గడ్డిమోపులు, ధాన్యం బస్తాలు వేసేవాళ్ళు వెనక చక్రం గట్టిగా కొట్టుకోవాలి. మెత్తని చక్రం రాయి ఎక్కితే రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి ట్యూబు తెగుతుంది. ముల్లు లేకుండానే పంక్చరు పడేది అందుకే.

ఈ గాలిచక్రం 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువుల డాక్టరు పేటెంటు పొందినది. అంతకు నలభై ఏళ్ళ ముందే, 1845లో, థామ్సన్ అనే ఇంకో స్కాట్లండు దేశస్థుడు ఆ ఊహకు పేటెంటు తీసుకున్నాడు. గాలిటైర్ల సైకిళ్ళు యూరపులో విపరీతంగా అమ్ముడుపోవటంతో రబ్బరుకు గిరాకీ పెరిగింది. ఆ రబ్బరు కోసమే బెల్జియం రాజు లియోపోల్డు చేతికింద కాంగో అడవుల్లో నల్లజాతి జనాన్ని చేతులు నరికి మరీ పని చేయించారు. మనం ఎండలో ఆరబెట్టి వృథాగా పారేసే ఈ రబ్బరు ముక్క వెనక కూడా కూలివాళ్ళ నెత్తురే ఉందని గుర్తుంచుకుంటే, దాన్ని జాగ్రత్తగా వాడబుద్ధవుతుంది.

ఎవరి బాధ్యత?

"అందరిదీ" అన్నామంటే ఎవరిదీ కానట్టే. మా డబ్బాలో సొల్యూషను ఎండిపోయింది అందుకే. రెండోసారి పేర్లు రాసి పెట్టాం. పేటకొక మనిషి. ఒకచోట ఊడ్పుకూలీ కూతురు, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, తను చూసుకుంటానంది. మగవాళ్ళు కొందరు "ఆడపిల్ల పంక్చరు వేస్తుందా?" అని గొణిగారు. వాళ్ళ సైకిళ్ళకే ఆ అమ్మాయి ప్యాచీలు వేసింది. నెలలో మొదటి ఆదివారం పంపు విప్పి నూనె రాసేది. సామాను ఎవరు తీసుకుపోయిందీ, ఎప్పుడు తెచ్చిచ్చిందీ నోటుబుక్కులో రాసేది. దీపాలవేళకు డబ్బా తిరిగి రాకపోతే వాళ్ళింటి ముందు నిలబడేది.

ఇది మా ఒక్కచోటి వింత కాదు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలాదిమంది పల్లె ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. వాళ్ళలో కూలీలున్నారు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళున్నారు. బస్సు కోసమో, మొగుడి కోసమో ఎదురుచూడకుండా తమ పని మీద తాము పోవటం వాళ్ళకు వచ్చింది. అయితే చక్రం నడపటం వచ్చినంత మాత్రాన సరిపోదు. గాలి పోయినప్పుడు మళ్ళీ ఇంకొకరి దయ కోసం రోడ్డు పక్కన నిలబడితే ఆ స్వేచ్ఛ సగమే.

ఇప్పుడు సైకిళ్ళెక్కడున్నాయండీ అనేవాళ్ళున్నారు. నిజమే, పేటల్లో మోటారుసైకిళ్ళు వచ్చాయి. ముఠాలను ఆటోల్లో కుక్కి తీసుకుపోతున్నారు. కానీ బండికి పెట్రోలు పోసే డబ్బు లేనివాళ్ళు, ముసలివాళ్ళు, బడిపిల్లలు ఇంకా సైకిలు మీదే పోతున్నారు. మోటారుసైకిలుకైనా ముల్లు గుచ్చుకోక మానదు. ట్యూబు ఉన్న టైరుకు ఇదే పద్ధతి. ట్యూబు లేని టైరుకైతే చిల్లిలోకి జిగురుతాడు దూర్చే సూది కావాలి, దాన్నీ డబ్బాలో చేర్చుకోండి.

మేం 2006లో పోగొట్టిన ఏడు వేల రూపాయలు ఆ పేట ఆడవాళ్ళకు తిరిగి ఇవ్వలేకపోయాం. మరుసటి ఏడు మాత్రం ముందే బయలుదేరాం. అదే గట్టు మీద మళ్ళీ ముల్లు గుచ్చుకుంది. సైకిలు దించి, కాలవ నీళ్ళలోనే చిల్లి పట్టుకుని, టార్చి వెలుగులో ప్యాచీ వేసుకుని పోయాం. మేం వెళ్ళేసరికి వేపచెట్టు కింద జనం కూర్చుని ఉన్నారు. పేట మనిషే మీటింగు మొదలుపెట్టేసింది. ఆ పెద్దావిడ మా చేతుల మసి చూసి, "ఈసారి మీరు రాకపోయినా ఆగేవాళ్ళం కాదులే, కూర్చోండి" అంది. ఆ ఏడు పది రూపాయలూ పెరిగాయి.

ఈ ఆదివారం మీ పేటలో ఉన్న పంపు ఒకసారి కొట్టి చూడండి. సొల్యూషను ట్యూబు నొక్కి చూడండి. లేకపోతే చందా వేసుకుని కొనండి. కొన్నాక దాన్ని చూసుకునే మనిషి పేరు అందరి ముందూ చెప్పి రాసుకోండి.