పాట ఎనిమిది బార్ల దగ్గరే ఆగిపోయిందా?

రాత్రి పన్నెండు దాటింది. అబ్బాయి గదిలో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా ల్యాప్‌టాప్‌. తబలా లూప్‌ ఒకటి, దానికి తోడు బేస్‌, పైన కీబోర్డు ముక్క. ఎనిమిది బార్లు బాగానే కుదిరాయి. వారం నుంచి తొమ్మిదోది రావడం లేదు. ‘ఇక నావల్ల కాదమ్మా’ అంటాడు పొద్దున్నే, ఇడ్లీ ముందు పెట్టుకుని. మచిలీపట్నమైనా గుడివాడైనా, ట్యూన్లు కట్టే పిల్లలున్న ఇళ్లలో ఈ మాట వినే ఉంటారు.

ప్రతిభ లేక కాదు. ఒకే శబ్దం పదేపదే వింటుంటే మెదడు దాన్ని పట్టించుకోవడం తగ్గిస్తుంది, ఫ్యాను చప్పుడు కాసేపటికి వినిపించనట్టే. పైగా వందసార్లు విన్న ముక్క పక్కన ఏం పెట్టినా పరాయిగానే తోస్తుంది. దాంతో కొత్త లూప్‌ల వేట మొదలవుతుంది. గంటలు పోతాయి, పాట మాత్రం కదలదు.

నిజానికి తిరిగి తిరిగి మొదటికి రావడం మన సంగీతానికి కొత్తేమీ కాదు. ఆదితాళంలో ఎనిమిది అక్షరాలు పూర్తయితే ఒక ఆవర్తం. దివిసీమలోని పెదకళ్లేపల్లికి చెందిన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారిది త్యాగరాజు శిష్య పరంపర. (సినీ సంగీత దర్శకుడు సుసర్ల దక్షిణామూర్తి ఈయన మనవడే.) పారుపల్లి రామకృష్ణయ్య పంతులు ఈయన దగ్గర నేర్చుకున్నారు. పంతులు గారి శిష్యుడు బాలమురళీకృష్ణ. ఆ పరంపర పాడిన కృతుల్లో సంగతులు ఎలా నడుస్తాయో వినండి. అదే సాహిత్యం, అదే తాళం. పాడిన ప్రతిసారీ ఒక్క మలుపు మారుతుంది, అంతే.

లూప్‌తోనూ అదే చేయొచ్చు. కొత్తది చేర్చే ముందు ఉన్నదాంట్లో ఒకటి మార్చాలి, లేదా తీసేయాలి. ఆ ఎనిమిది బార్లనే మూడు నిమిషాల పొడవునా పరిచి, ఏ వాయిద్యం ఎక్కడ ఊరుకోవాలో చూస్తూ చెరిపేసుకుంటూ రావాలి. ఖాళీ దొరికితేనే గొంతుకు చోటు దొరుకుతుంది.

అప్పటికీ రాకపోతే లేచి నడవాలి. నడుస్తున్నప్పుడూ, నడిచొచ్చి కూర్చున్న కాసేపూ కొత్త ఆలోచనలు ఎక్కువగా వస్తాయని స్టాన్‌ఫర్డ్‌ పరిశోధకులు 2014లో చెప్పారు. ఇందుకోసం మంగినపూడి బీచ్‌ దాకా వెళ్లక్కర్లేదు, వీధి చివరి వరకు చాలు. హెడ్‌ఫోన్లు ఇంట్లోనే వదిలేసి, తర్వాతి వరుసను నోటితో కూనిరాగం తీసి ఫోన్లో రికార్డు చేసుకోమనండి.

చెవుల సంగతీ ఉంది. 80 డెసిబెల్స్‌ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మరో 3 డెసిబెల్స్‌ పెరిగితే ఆ సమయం సగానికి పడిపోతుంది. చెవిలో హోరు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. పాట గొడవలో పడి నిద్ర, తిండి రెండు వారాలుగా దెబ్బతింటే మానసిక వైద్యుల సలహా తీసుకోవాలి.

ఇక మీరు చేయగలిగింది ఒకటుంది. ‘చదువు మానేసి ఇదేంటి’ అనకుండా ‘ఏదీ, వినిపించు’ అని పక్కన కూర్చోండి. పక్కన ఇంకొకరుంటే తన పాట తనకే వేరుగా వినిపిస్తుంది. ఎక్కడ విసుగొస్తోందో మీరు చెప్పక్కర్లేదు. ఆ చోటు రాగానే అతని చెయ్యే మౌస్‌ మీదికి వెళ్తుంది.