ఇరువై రూపాయల కండెన్సర్ కోసం సెట్టు పారేసుడెందుకు?

పండుగొచ్చిందంటె చాలు, ఎక్సేంజ్ ఆఫర్ల లొల్లి మొదలైతది. పాత హోం థియేటర్ తెచ్చియ్యుండ్రి, కొత్త సౌండ్ బార్ పట్కపోండ్రి అని దుకాణాల ముందట బోర్డులు పెడ్తరు. ఇంట్ల ఉన్న సెట్టేమో గుంయ్‌మంటాంది, బేస్ తగ్గింది, వాల్యూమ్ తిప్పితె గరగర అంటాంది. ఇగ దీని పని అయిపోయిందని శాన మంది ఇచ్చేస్తరు.

ఏండ్ల సంది ఆంప్లిఫయర్లు ఇప్పుడు, అతుకుడు నాకు అలవాటు. నేను చూసినకాడికి గట్ల పోయే సెట్లల్ల ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్లు, డబ్బా సక్కగనే ఉంటయి. పాడైనయి నాలుగైదు చిన్న పార్టులే. గవి మారిస్తె సెట్టు బతుకుతది. జర మంచి రకం ఏస్తె, కొన్నప్పటికన్న మంచిగ పాడ్తది. కాకపోతె ఏది మారిస్తె ఎందుకు ఫరక్ పడ్తదో తెల్వాలె. తెల్వకుంటె ఒక దిక్కు మంచి సెట్టు పోతది, ఇంకో దిక్కు పనికిరాని సామాన్లకు వేలు పోతయి.

ముందుగాల తీగలు చూడుండ్రి

స్పీకర్ వెనక ఎరుపు, నలుపు అని రెండు పిన్నులుంటయి. ఒక స్పీకర్‌కు సక్కగ, ఇంకోదానికి ఉల్టా పెడితె ఒకటి గాలిని ముందుకు నూకుతాంటె ఇంకోటి ఎనుకకు గుంజుతది. బేస్ అక్కడ్నే మాయమైతది. ఇది సరిజేసుకునుడుకు ఒక్క పైస అక్కరలేదు.

తర్వాత తీగ మందం. సెట్టుతోని వచ్చే తీగలు దారం లెక్క సన్నగుంటయి. స్పీకర్ 5 మీటర్ల దూరంల ఉంటె కరెంటు పొయ్యి వచ్చుడుకు 10 మీటర్ల తీగ. 0.2 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగైతె దాని రెసిస్టెన్స్ దాదాపు 0.86 ఓములు. స్పీకర్‌దే 4 ఓములు. అంటె ఆంప్లిఫయర్ ఇచ్చే బలంల నూటికి దాదాపు 18 పాళ్లు తీగలనే వేడై పోతది. గదే కరెంటు దుకాణంల దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఏస్తె, పోయేది 3 పాళ్లకు లోపటనే. కొనేటప్పుడు ఒక పోగును బ్లేడుతోని గీకి చూడుండ్రి. లోపట తెల్లగుంటె అది అల్యూమినియం మీద రాగి పూత.

కండెన్సర్ కథ

మెకానిక్‌లు కండెన్సర్ అంటరు, పుస్తకాలల్ల కెపాసిటర్. సెట్టు లోపట నిలవడ్డ చిన్న డబ్బీల లెక్క కనవడేటియి ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు. వీటి లోపట తడి రసాయనం ఉంటది. వేడికి గది ఎండుకుంట పోతది, కండెన్సర్ బలం తగ్గుకుంట పోతది.

పవర్ సప్లైల ఉన్న పెద్ద కండెన్సర్ పని, కరెంటు అలలను సాపు చేసుడు. గది ఎండితె అలలు సాపు గావు. మన కరెంటు 50 హెర్ట్జ్ గదా, డయోడ్లు దాటినంక 100 హెర్ట్జ్ అల అయితది. పాట ఆగినంక కూడ గుంయ్‌మనే సప్పుడు గదే.

ఇంకోటి స్పీకర్‌కు పోయే తొవ్వల ఉంటది. లోకల్‌గ బిగించిన శాన సెట్లల్ల సాన్యో కంపెనీ ఎల్ఏ4440 ఐసీ బోర్డులు ఉంటయి, రెండు స్పీకర్ల బోర్డుల గిదే పద్ధతి. 4 ఓముల స్పీకర్‌కు 1000 మైక్రోఫారడ్ల కండెన్సర్ ఉంటె 40 హెర్ట్జ్ దాంక బేస్ దిగుతది. గది ఎండి 470కి వచ్చిందంటె 85 హెర్ట్జ్ కాన్నుంచే బేస్ పడిపోతది. డోలు దెబ్బ డబ్బా దెబ్బ అయ్యేది గందుకే. 2200ది ఏస్తె 18 హెర్ట్జ్ దాంక తొవ్వ తెరుసుకుంటది. అంత కిందికి పాడేది లేనిది స్పీకర్ సైజు మీద ఉంటది.

కండెన్సర్ మీద 85 డిగ్రీలు, 105 డిగ్రీలు అని రాసుంటది. మామూలు రకం గా వేడిల 2000 గంటలు పనిజేస్తది. పది డిగ్రీలు తగ్గితె ఆయుష్షు రెండింతలు, ఇది ఇంజినీర్లు వాడే మోటు లెక్క. సెట్టు లోపట 65 డిగ్రీలుంటె 85 రకం 8000 గంటలు, 105 రకం 32,000 గంటలు వస్తది. దినాం నాలుగు గంటలు ఇన్నా మొదటిది ఐదున్నర ఏండ్లు, రెండోది దాదాపు 22 ఏండ్లు. ధరల ఫరక్ కొన్ని రూపాయలే. అమ్మేటోడు గా రూపాయలు మిగుల్చుకుంటడు, మనం సెట్టు పోగొట్టుకుంటం.

మిగిలిన చిన్నయి

ట్వీటర్‌కు ఒక చిన్న కండెన్సర్ కట్టి ఉంటది. గది ఎండితె మాటలల్ల స, శ అక్షరాలు మొద్దుబారుతయి. అదే విలువ ఫిల్మ్ కండెన్సర్ ఏస్తె మళ్ల ఎండే బాధ ఉండది, దాంట్ల తడే లేదు. వాల్యూమ్ గరగరకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు తిప్పుండ్రి, పోకుంటె కంట్రోల్ మార్చుండ్రి.

సుయ్ మనే సప్పుడుంటె 4558 ఐసీ తీసి ఎన్ఈ5532 ఏస్తరు. కాళ్లు ఎనిమిది, వరుస అదే. కరెంటు ఎక్కువ గుంజుతది, దొంగ మాల్ బాగున్నది. కండెన్సర్లు మార్చినంకనే దీని జోలికి పోవాలె. ఫరక్ కూడ తక్కువే.

కొనొద్దనేటియి కూడ చెప్త. వేలు పెట్టి అమ్మే పవర్ కేబుల్ ఉట్టి బోగస్. కిలోమీటర్ల దూరం అల్యూమినియం తీగల మీద వచ్చిన కరెంటుకు ఆఖరి మీటర్ల బంగారు పూత ఏం జేస్తది? డబ్బా మీది పీఎంపీవో వాట్లు కూడ నమ్మొద్దు. 4440 ఐసీకి కంపెనీ కాయితంల రాసింది ఒక్కో దిక్కు 6 వాట్లే.

ఒక జాగ్రత్త. కండెన్సర్ విలువ అదే ఉండాలె, వోల్టేజ్ అంతే గాని ఎక్కువ గాని ఉండాలె. గీత ఉన్న కాలు మైనస్, ఉల్టా ఏస్తె పేలుతది. ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్లల్ల ప్లగ్ పీకినంక కూడ 300 వోల్టుల మీద కరెంటు లోపట నిల్వ ఉంటది. తెల్వనోళ్లు చెయ్యి పెట్టొద్దు, పానం పోతది.

గందుకే మెకానిక్ కావాలె. కోఠి గుజరాతి గల్లీల పార్టులు ఇప్పటికి దొరుకుతున్నయి, అతికే చేతులే తక్కువైతున్నయి. రిపేర్ హక్కు మీద కేంద్రం 2022 జులైల కమిటీ ఏసింది. గని జనం రిపేర్‌కు ఇయ్యకుంటె హక్కు కాయితం మీదనే ఉంటది, మన గల్లీల మెకానిక్ దుకాణం బంద్ అయితది. నేను చెప్పిన పార్టులన్నీ కలిపినా మూడు నాలుగు వందలు, దాని మీద ఆయన కూలి. ఎక్సేంజ్‌కు పోయే ముందు సెట్టు మూత ఒకసారి ఇప్పించుండ్రి.