అద్దం అందమే.. మరి గాలి?

పీసీ బిల్డ్ అనగానే అందరం ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ గురించి నెలల తరబడి ఆరా తీస్తాం. క్యాబినెట్ మాత్రం లైట్లు చూసి కొనేస్తాం. సికింద్రాబాద్ సీటీసీ షాపులకి నేను కొలతలు రాసుకుని వెళ్లా. ఏటీఎక్స్ బోర్డు 305×244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ 244×244. చిన్న క్యాబినెట్‌లో పెద్ద బోర్డు పట్టదు. గ్రాఫిక్స్ కార్డ్ పొడవు, కూలర్ ఎత్తు కూడా సరిచూసుకోవాలి.

అసలు విషయం గాలి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో, గాలికి దారి లేకుండా ఎదుటి వైపు అద్దంతో మూసేస్తే ఎన్ని ఫ్యాన్లున్నా లోపల ఉక్కపోతే. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. అంటే, డబ్బు పోసి కొన్న స్పీడ్ మనకి అందదు! అందుకే ఎదుట జాలీ, తీసి శుభ్రం చేసుకునే డస్ట్ ఫిల్టర్ ఉన్నదే తీసుకున్నా. ఎదుట నుంచి గాలి లోపలికి, వెనక నుంచి వేడి బయటికి.. అంతే లెక్క. పైగా బోర్డు, ప్రాసెసర్ మార్చినా మంచి క్యాబినెట్ తర్వాతి బిల్డ్‌కీ పనికొస్తుంది.