రెండున్నర రూపాయల పరుగు

ఆరాంఘర్ చౌరస్తా దాటి గగన్‌పహాడ్ మీదుగా శంషాబాద్ వెళ్లే రోడ్డు పక్కన కాసేపు నిలబడితే చాలు, హైదరాబాద్‌లో అమ్ముడయ్యే కార్లన్నీ కళ్లముందు నుంచే పోతాయి. ఫ్యాక్టరీ షెడ్ల వైపు తిరిగే లారీలు, నీళ్ల ట్యాంకర్లు, ఫ్లైటు టైముకు పరుగెత్తే క్యాబులు, వాటి నడుమ ఆకుపచ్చ నంబర్ ప్లేట్లు. కరెంటు బండి ఈ దారికి కొత్తేమీ కాదు. ఆర్టీసీ 2019 మార్చిలోనే 40 ఎలక్ట్రిక్ బస్సుల్ని ఎయిర్‌పోర్టు రూట్లలో దింపింది. కొత్తగా వచ్చినదల్లా జోరు. మహీంద్రా బీఈ 6లో పెద్ద బ్యాటరీ మోడల్ 286 హార్స్‌పవర్‌తో 6.7 సెకన్లలో గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. బీవైడీ సీల్‌లో పై మోడల్‌కు 530 హార్స్‌పవర్, 3.8 సెకన్లు. ఒకప్పుడు కోట్ల రూపాయల స్పోర్ట్స్ కార్లకే ఉన్న పికప్ ఇది.

దాంతో ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న. ఇంత పికప్ ఉన్న బండి కరెంటు ఎంత తాగుతుంది?

లెక్క వేద్దాం. రెండు టన్నుల పైచిలుకు బరువున్న కారును నిలబడిన చోటు నుంచి 100 కిలోమీటర్ల వేగానికి తీసుకెళ్లడానికి కావలసిన శక్తి దాదాపు పావు యూనిట్. యూనిట్‌కు పది రూపాయలు కడుతున్నారనుకున్నా రెండున్నర రూపాయల పని. ఆ వేగాన్ని ఏడు సెకన్లలో అందుకున్నా, పదిహేను సెకన్లు తీసుకున్నా ఖర్చు పెద్దగా మారదు. పైగా ముందున్న సిగ్నల్ చూసి మెల్లగా పాదం ఎత్తితే మోటారే జనరేటర్‌గా మారి, అందులో సగానికి పైగా మళ్లీ బ్యాటరీలోకి పంపుతుంది. అదే పరుగు పెట్రోలు కారు తీస్తే ఇంధనంలోని శక్తి ముప్పావు వంతు వేడిగా పోతుంది గనక సుమారు వంద మిల్లీలీటర్లు కాలుతుంది. 2025లో హైదరాబాద్ ధర లీటరు 107 రూపాయల చిల్లర. అంటే పది రూపాయలు దాటినట్టే. బ్రేకు తొక్కితే చుక్క కూడా ట్యాంకులోకి తిరిగి రాదు.

కాబట్టి పికప్‌ను అనుమానించడం తప్పు. ఈ సంగతి హుస్సేన్‌సాగర్ ఒడ్డున మన కళ్లముందే రుజువైంది. 2023 ఫిబ్రవరి 11న ఎన్టీఆర్ మార్గ్, నెక్లెస్ రోడ్ల మీద దేశంలోనే తొలి ఫార్ములా-ఈ ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది. అందులో పరుగెత్తిన మూడో తరం కార్లు గంటకు 320 కిలోమీటర్ల దాకా పోగలవు. వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులే ఉండవు. వేగం తగ్గించే పని మోటార్లే చూసుకుంటాయి. రేసులో ఖర్చయ్యే శక్తిలో 40 శాతానికి పైగా ఆ బ్రేకింగ్‌తోనే తిరిగొస్తుంది. ఆ రోజు గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ చివరి ల్యాపుల్లో ఎంత తొందరపడ్డాడో అంత పొదుపూ చేశాడు. వెనక తరుముతున్న నిక్ కాసిడీ బ్యాటరీలో వెర్న్ కన్నా ఎక్కువ శక్తి మిగిలి ఉంది. అయినా అర సెకను కూడా లేని తేడాతో వెర్నే ముందు గీత దాటాడు. వేగమే సర్వస్వమనుకునే ఆటలో పొదుపు తెలిసినవాడు గెలిచిన రేసు అది. తర్వాతి ఏడాది రేసు రద్దయింది. అయినా నేర్చుకోవలసిన పాఠం ఆ రోజు అందరి ఎదుటే జరిగింది.

మరి కరెంటు ఎక్కడ పోతుంది? గగన్‌పహాడ్ ట్రాఫిక్‌లో పెద్దగా పోదు. ఆగడం, కదలడం ఎలక్ట్రిక్ కారుకు భారం కాదు. మండు వేసవిలో ఏసీకి గంటకు ఒకటి, ఒకటిన్నర యూనిట్లు ఖర్చవుతాయి, అంతే. అసలు దోపిడీ శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక మొదలవుతుంది. గాలి చేసే నిరోధం వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. 80 నుంచి 120కి వెళితే వేగం ఒకటిన్నర రెట్లే. గాలిని చీల్చడానికి ప్రతి కిలోమీటరుకూ పెట్టే శక్తి మాత్రం రెండుంపావు రెట్లు. బీఈ 6 పాటి బరువు, ఆకారం ఉన్న కారుకు నేను వేసిన లెక్కలో 80 వేగంతో వంద కిలోమీటర్లకు 13 యూనిట్లు, 100 వేగంతో 16 పైన, 120తో 20 యూనిట్లు. ఔటర్ మొత్తం 158 కిలోమీటర్లు. ఒక చుట్టు 80తో తిరిగితే రెండు గంటలు, 21 యూనిట్లు. 120తో తిరిగితే 79 నిమిషాలు, 32 యూనిట్లు. నలభై నిమిషాలు మిగుల్చుకోవడానికి పదకొండు యూనిట్లు గాలికి కట్టాం.

సర్టిఫికెట్‌లో 680 కిలోమీటర్లు దాటే బీఈ 6 రేంజ్ ఔటర్ మీద 400 దగ్గరే తేలిపోవడానికి కారణం ఇదే. కంపెనీ మోసం చేసిందని చాలామంది కోప్పడతారు. సర్టిఫికెట్ కోసం చేసే పరీక్షలో బండి అంత వేగంతో అంతసేపు పరుగెత్తదు. అందుకే కొనేవాళ్లు హార్స్‌పవర్ కన్నా గాలి నిరోధక గుణకం ఎంతో అడగాలి. సీల్‌ది 0.219. నిటారుగా నిలబడిన ఎస్‌యూవీలకు అది చాలా ఎక్కువ. మోటారు ఎంత శక్తిమంతమైనదైనా ఔటర్ మీద డబ్బు మిగిల్చేది కారు ఆకారమే.

ఇక జేబు సంగతి. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి చార్జింగ్ నష్టాలతో కలిపి 285 యూనిట్ల దాకా కావాలి. అప్పటికే ఏసీ, గీజరు ఉన్న ఇంట్లో ఈ యూనిట్లన్నీ పై శ్లాబులోకే వెళ్తాయి. తెలంగాణలో ఇంటి కనెక్షన్‌కు 400 యూనిట్లు దాటితే యూనిట్ తొమ్మిదిన్నర రూపాయలు, 800 దాటితే పది. అంటే నెలకు 2,850 రూపాయల దాకా. వాహనాల చార్జింగ్‌కు విద్యుత్ నియంత్రణ మండలి విడిగా పెట్టిన కేటగిరీలో యూనిట్ 6 రూపాయలు. ఆ మీటరైతే 1,710, దానిపైన ఫిక్స్‌డ్ చార్జీ. బయట ఫాస్ట్ చార్జర్ల దగ్గర జీఎస్టీతో కలిపి యూనిట్ 24 రూపాయల దాకా పడుతుంది. అన్నీ అక్కడే నింపితే ఆరు వేలు దాటుతుంది. లీటరుకు 12 కిలోమీటర్లిచ్చే పెట్రోలు ఎస్‌యూవీకి పదమూడు వేల పైమాటే. ఒకే కారు, ఒకే రోడ్డు, ఒకే డ్రైవరు. ప్లగ్గు ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టి బిల్లు మూడున్నర రెట్లు మారుతోంది.

శంషాబాద్ చుట్టుపక్కల సొంత ఇల్లున్నవాళ్ల దశ వేరు. ఇంటిపైన మూడు కిలోవాట్ల సౌర ఫలకాలు పెట్టుకుంటే రోజుకు పన్నెండు యూనిట్ల దాకా వస్తాయి. పీఎం సూర్యఘర్ పథకం కింద 78 వేల రూపాయల సబ్సిడీ. నెలకు 1,500 కిలోమీటర్ల కరెంటు దాదాపు ఇంటి కప్పు మీదే పుడుతుంది.

షోరూంలో చెప్పని ఖర్చు టైర్లది. మోటారు బలమంతా తొలి క్షణంలోనే చక్రాలకు అందుతుంది, బండి బరువూ ఎక్కువే. సిగ్నల్ దగ్గర ప్రతిసారీ సరదా తీర్చుకునేవాళ్లకు పెద్ద సైజు టైర్లు తొందరగా అరుగుతాయి, అవి చవకా కావు. మరోవైపు ఆయిల్ మార్పు లేదు, బ్రేకు ప్యాడ్లు ఏళ్ల తరబడి నిలుస్తాయి. బ్యాటరీకి చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. అన్నిటికన్నా పెద్ద లాభం రోడ్డు ట్యాక్స్. 2024 నవంబర్ 18న అమల్లోకి వచ్చిన ఉత్తర్వు ప్రకారం 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు పూర్తి మినహాయింపు. ఆ ఉత్తర్వు నాటికి 20 లక్షలు దాటిన పెట్రోలు కారుకు పన్ను 18 శాతం. పాతిక లక్షల బండి మీద నాలుగున్నర లక్షలు మిగిలినట్టు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన కరెంటులో సింహభాగం బొగ్గుదే. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోతుంది. ఔటర్ మీద ఎప్పుడూ 120 మీద ఉండే ఎలక్ట్రిక్ కారు, నిదానంగా నడిచే మామూలు పెట్రోలు కారు కన్నా గాలికి పెద్దగా మేలు చేయదు. 90 దగ్గర నడిపితే చేస్తుంది.

నా తీర్పు ఇది. సొంత పార్కింగ్‌లో ప్లగ్గు ఉంటే జోరైన ఎలక్ట్రిక్ కారు నిశ్చింతగా కొనండి. బయటి చార్జర్ల మీదే బతకాలంటే ఇంకొంత కాలం ఆగండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లడానికి ముందే, వాహనాల చార్జింగ్‌కు విడి మీటరు విషయం ఈ నెల అసోసియేషన్ మీటింగులో పెట్టించండి.