కొల్లేటి నీరు - మన మడవ

కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏఱులును, మన మురుగుకాలువలును అందు కలియును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు గొనిపోవును. కావున మడవ దాటిన నీటితో మనకు పనిలేదనుకొనరాదు.

కొల్లేరు 1999లో అభయారణ్యమయ్యెను. 2002లో రాంసరు జాబితాకెక్కెను. 2006లో పెక్కు చేపలచెరువుల గట్లు తొలగింపబడెను. కాని చట్టము మన పొలముగట్టున కావలి యుండజాలదు. పట్టణముల మురుగును, చేపలచెరువుల మురికియు అందు చేరుట నిజమే. అయినను మన పాలు మనదే. యూరియా చల్లిన మఱునాడే నీరు వదలినచో, సంఘములో అప్పుచేసి కొన్న ఎరువు గుఱ్ఱపుడెక్కకు మేతయగును. అది దట్టముగా పెరిగి కుళ్లినచో నీటిలోని ప్రాణవాయువు తఱిగి చేపలు చచ్చును.

కావున యూరియాను ఒక్కమాఱుగాక దఫాలుగా, నీరు పలుచగా నున్నపుడు చల్లుడు. వానమబ్బు చూచి ఆగుడు. చల్లినపిదప కొన్ని దినములు మడవ మూయుడు. పురుగుమందు డబ్బాను మూడుమాఱులు తొలిచి, ఆ నీటిని పిచికారిమందులోనే కలుపుడు. పిచికారి యంత్రమును కాలువలో కడుగకుడు. దిగువను వలవేయువారును, పశువులను నీటికి తోలువారును మనవారే.

మడవ మూయుటకు వలసినది పారెడు మన్ను మాత్రమే. అప్పుతెచ్చిన ఎరువు చేనికి దక్కును, కొల్లేటికి మేలగును.